తల్లి గాడిద, తండ్రి గుర్రం

మొన్నీమధ్య పిల్లలు నన్ను కొండ మీది గుడికి తీసుకెళ్లారు. కొండ కింద జంతువుల వాళ్లు మమ్మల్ని చుట్టుముట్టారు. ఒక కుర్రాడు నా చెయ్యి పట్టుకున్నంత పని చేసి, "మాజీ, ఘోడా లేలో, అసలైన ఘోడా!" అన్నాడు. నేను ముందు దాని చెవులు చూశాను. తర్వాత తోక చూశాను. పక్కకి జరిగి గిట్టలు కూడా చూశాను. ఇరుగ్గా, నిటారుగా ఉన్నాయి.

"ఇది గుర్రం కాదు బాబూ, ఖచ్చర్," అన్నాను. కంచరగాడిద అన్నమాట.

వాడి మొహం పాలిపోయింది. నా మనవరాలు విసుక్కుంది. "ఏదైతే ఏంటమ్మమ్మా, ఎక్కితే చాలదా?" అంది.

చాలదు. నాకు ఏదీ ఊరికే నమ్మడం రాదు. కూరలవాడి తక్కెడ కింద వేలు పెట్టి చూస్తాను. డాక్టరు ఇచ్చిన మాత్రని వెలుతురులో తిప్పి చూస్తాను. ఇది మా మామ్మ నుంచి నాకు వచ్చిన ఆస్తి. నాన్నకి అమ్మ ఆవిడ. గొలుసులూ గాజులూ అత్తలు పంచుకున్నారు, అనుమానం మాత్రం మొత్తం నాకే ఇచ్చేసింది. ఆ కొండ ఎక్కుతున్నంతసేపూ నాకు ఆవిడే, ఆ చలికాలమే గుర్తుకొచ్చాయి.

అప్పుడు మేం టాటానగర్లో, బర్మామైన్స్‌లో రైలు పట్టాల పక్కన క్వార్టర్లో ఉండేవాళ్లం. తెల్లారితే వీధంతా బొగ్గుపొయ్యిలు బయట పెట్టి రాజేసేవారు. ఆ పొగ మంచులో కలిసి, ఎదురింటి తలుపు కూడా కనపడనంత దట్టంగా దిగేది. ఆరబెట్టిన బట్టల మీద మసి పడేది. కార్ఖానా భోంపూ మోగితే మామ్మ గడియారం చూడకుండానే అన్నం వార్చేది. రాత్రి అన్నాలయ్యాక కార్ఖానా వైపు ఆకాశం ఒక్కసారిగా ఎర్రబడేది, కరిగిన ఇనప మడ్డి పారబోసేవారు. మా ఊళ్లో పిల్లలకి అదే దీపావళి.

నాన్న టాటానగర్ స్టేషన్లో పనిచేసేవాడు. చిన్నాన్న కార్ఖానాలో. అమ్మ ఆ చలికాలం పురిటికని పుట్టింటికి వెళ్లింది. ఇంట్లో ఆడదిక్కు మామ్మా, కొత్తగా వచ్చిన పిన్నీ. పిన్నిది బారిడీహ్, క్రైస్తవుల పిల్ల. బళ్లో టీచరు. చిన్నాన్న పట్టుబట్టి చేసుకున్నాడు. మామ్మ పెళ్లికి వెళ్లలేదు గానీ, ఇంటికొచ్చిన పిల్లని పొమ్మనలేదు. కూర తరగనిచ్చేది, పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. సామాన్ల అలమర తాళం బొడ్డులోనే ఉండేది. పిన్ని ఏం మాట్లాడినా మామ్మ రెండుసార్లు వినేది, ఒకసారి మాటకోసం, రెండోసారి దాని వెనక ఏముందో అని.

తాత లోకో షెడ్డులో పనిచేసి రిటైరయ్యాడు. షెడ్డులో ఉన్నప్పుడే ఇనుప ముక్క పడి ఆయన కుడి మోకాలు సరిగ్గా వంగేది కాదు. అయినా ఖాళీగా కూర్చోలేక, మాంగో అనే పేట దాటాక నది ఒడ్డున కొంచెం నేల కౌలుకి తీసుకుని కాలీఫ్లవరూ, ఉల్లీ, వంకాయా వేశాడు. ఇంటి నుంచి అక్కడికి నడవాలంటే ఆ కాలితో పొద్దు సగం గడిచిపోయేది. మాంగో దాకా రిక్షాలో పోయినా, అక్కడి నుంచి పొలానికి గట్టు దారే.

ఒకరోజు భోజనం దగ్గర అన్నాడు. "నాకో జంతువు కావాలి. పొలం దున్నాలి, కూరలు మొయ్యాలి, నన్నూ మొయ్యాలి."

"ఎడ్లు కొనుక్కోరాదూ?" అన్నాడు నాన్న.

"ఎద్దు మీదెక్కి ఊళ్లో తిరగమంటావేట్రా?"

మామ్మ మజ్జిగ పోస్తున్నదల్లా ఆగింది. "ఎక్కడం గురించా, దున్నడం గురించా? ముందది తేల్చు," అంది. తాత తలొంచుకుని అన్నం కలుపుకున్నాడు. మామ్మ నాకేసి చూసి కనుబొమలెగరేసింది. ఏదో ఉంది అని దానర్థం.

నిజంగానే ఉంది. అది నాకు తర్వాతెప్పుడో చెప్పాడు తాత. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో ఎస్టేటు మనిషి గుర్రం మీద వస్తుంటే జనం దారి ఒదిలి పుంతలోకి దిగి, తలపాగా తీసి నిలబడాలట. తాత వాళ్ల నాన్న ఒళ్లు బాగులేక చప్పున దిగలేకపోతే కొరడా తగిలిందట. "గుర్రం మీద కూకుంటే మనిషి ఎంత ఎత్తుగా ఉంటాడో సూడాలనుండేదే," అన్నాడు నాతో. మామ్మతో మాత్రం ఎప్పుడూ అనలేదు.

మాంగో సంతకి గయ వైపు నుంచి ఒక జంతువుల వ్యాపారి వచ్చాడని తెలిసి తాత నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. బక్కపల్చని ముసలివాడు. తలకి గళ్ల తువ్వాలు, ఒక చెవికి మాత్రం పోగు. వాడి దగ్గర మూడు మిగిలాయి. ఒకటి గోధుమరంగు గుర్రం, దాని మెడ మీద జూలు నీళ్లలా జారుతోంది. రెండోది నల్లటి పెద్ద కంచరగాడిద, చెవులు చేటలంత. మూడోది చిన్నది. ముందు నుంచి చూస్తే గుర్రప్పిల్లలా ఉంది, చెవులు మరీ పొడుగు కాదు, తోక కూడా గుర్రం తోకే, కానీ ఎక్కడో ఏదో తేడా.

"ఇదేటి?" అన్నాడు తాత.

"ఇదీ ఖచ్చరే బాబూజీ," అన్నాడు వాడు హిందీలో. "ఆ పెద్దదానికి తల్లి గుర్రం, తండ్రి గాడిద. దీనికి తల్లి గాడిద, తండ్రి గుర్రం. ఇలాంటివి తక్కువ పుడతాయి."

తాత మూతి ముడిచి గుర్రం వైపు తిరిగాడు. దాని పళ్లు చూశాడు, కాళ్లు తడిమాడు, తెలిసినవాడిలా తలూపాడు. వ్యాపారి తాతని చూస్తున్నాడు, గుర్రాన్ని కాదు. చాలాసేపు చూశాక ఎవరూ ఊహించని మాట అన్నాడు.

"నేను చాయిబాసా వైపు వెళ్తున్నాను. మూడింటినీ తీసుకెళ్లండి. పని చేయించి చూడండి. తిరిగొచ్చాక ఏది కావాలో చెప్పండి. అప్పటిదాకా నాకేమీ ఇవ్వక్కర్లేదు."

మూడు జంతువులతో మేం వీధిలోకి వచ్చేసరికి పిల్లలంతా వెనకే. మామ్మ గుమ్మంలో నిలబడి మొత్తం కథ విన్నది. విని, మమ్మల్ని లోపలికి రానివ్వకుండా అడిగింది.

"ఊరికే ఒగ్గీసి ఎల్లిపోనాడా?"

"ఊరికే."

"ఓలమ్మో! మూడు జీవాల్ని ముక్కూ మొకం తెలియనోళ్లకి ఒగ్గీసి ఎల్తాడేటి ఎవడైనా? దొంగసొత్తు! రేపో మాపో పోలీసులొత్తారు, సూడు."

"దొంగసొత్తయితే ఆడెందుకు దాసుకోడు?"

"మనింట్లోనే దాసేడు గదా!"

తాత తాళ్లు పట్టుకుని పెరటి వైపు తిరిగాడు. నాకు మాత్రం ఆ రోజు నుంచి ప్రతి ఖాకీ చొక్కా పోలీసే అయింది. పోస్టుమాను వచ్చినా పెరట్లోకి పరిగెత్తి చూసేదాన్ని, మూడూ ఉన్నాయా అని.

పెరట్లో బొగ్గు పోసుకునే రేకుల పాకని వాటికి ఇచ్చాం. ఇల్లంతా కొత్త వాసన. తడి గడ్డి, తోలు, వెచ్చటి పేడ. మామ్మ తిట్టుకుంటూనే గుర్రానికి ఉలవలు ఉడకేసేది. ఆ ఉడికిన నీళ్లని పారబొయ్యడం ఇష్టం లేక, చింతపండూ ఉల్లిపాయలూ వేసి చిక్కగా చారు కాచేది. అలాంటి చారు నేను మళ్లీ తినలేదు. చిన్నాన్న గిన్నె ఖాళీ చేసి, "గుర్రం ఎన్నాళ్లుంటే అన్నాళ్లు ఉండనీ," అనేవాడు. మామ్మ మొదటి ముద్ద మాత్రం తను తినేది కాదు. మా మొహాలు చూసి, ఎవరికీ ఏమీ కాలేదని రూఢి చేసుకుని తినేది. ఉలవల బస్తా కూడా ఆ వ్యాపారే ఇచ్చి పంపాడు మరి.

ఇక ఏది ఉంచుకోవాలన్నది వీధి మొత్తానికి పనైంది. పాలవాడు గుర్రం నోట్లో వేళ్లు పెట్టి, పళ్లు అరగదీసి వయసు తగ్గించారన్నాడు. ఇంకొకాయన దానికి మత్తు పెట్టి ఉంటారన్నాడు. నెమ్మదిగా ఉందిగా, అందుకట. మామ్మ తడి గుడ్డ పెట్టి దాని ఒళ్లు గట్టిగా రుద్దింది, రంగు పోతుందేమోనని. రంగు పోలేదు. "మంచి రంగే ఏసేడు," అంది.

తాత గుర్రం మీద మొదటిసారి వీధిలోకి వచ్చిన పొద్దు నాకు బాగా గుర్తు. ఉతికిన పంచె, కోటు. మోకాలు బిగుసుకుపోయి కాలొకటి పక్కకి తన్నుకుని ఉంది, అయినా వెన్ను నిటారుగా ఉంది. "దూల్హా ఆయా!" అని పిల్లలు అరిచారు. పెళ్లికొడుకట. మామ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, వెంటనే నవ్వు ఆపేసి, "దాని కళ్లు సూడు, తెల్లగుడ్డు కనపడతంది," అంది. నిజమే. గూడ్సు బండి కూత వెయ్యగానే గుర్రం ఒళ్లంతా వణికింది. రైళ్ల మధ్య బతికే మాకు కూత వినపడేదే కాదు. ఆ గుర్రానికి అదొక్కటే వినపడేది.

పెద్ద కంచరం పొలంలో బంగారం. నాగలి కడితే గీత గీసినట్టు పోయేది. ఎంత బరువేసినా కిమ్మనేది కాదు. కానీ మనిషిని దగ్గరికి రానిచ్చేది కాదు. కొత్త గడ్డి వేస్తే వాసన చూసి, పక్కకి నెట్టి, మనం వెళ్లిపోయాక తినేది. తాత ఎక్కబోతే ఒళ్లు విదిలించేది. పాలవాడి భుజం కొరికింది. మామ్మకి అదంటే గౌరవం. "దానికి బుర్రుంది. ఎవుణ్ణీ నమ్మదు," అనేది.

చిన్నదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. దున్నడానికి బలం చాలదు. ఎక్కితే తాత కాళ్లు నేలకి రాసుకునేలా ఉంటాయి. అది సకిలించబోయి మధ్యలో ఏదో గుర్తొచ్చినట్టు ఓండ్రపెట్టేది, వీధంతా నవ్వేది. మామ్మ ఒకరోజు కూర తరుగుతున్న పిన్నికి వినపడేలా అంది, "తల్లి ఏ జాతో సూసుకోవద్దేటి ఇంట్లోకి తెచ్చుకునేటప్పుడు?" కత్తిపీట మీద పిన్ని చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ తరిగింది. ఆ సాయంత్రం ఆవిడ చిన్నదాని జూలు దువ్వుతూ పెరట్లో చాలాసేపు ఉండిపోయింది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. "హోంవర్క్ అయిందా అమ్మలూ?" అంది. అంతే.

అలా ఉండగా అలమరలో బెల్లం తగ్గడం మొదలైంది.

మామ్మ డబ్బా మూత తీసి చూసి, మూసి, మళ్లీ తీసి చూసేది. తాళం తన దగ్గరే ఉంది. స్నానానికి వెళ్లినప్పుడు మాత్రం కొక్కేనికి తగిలించేది. "బారిడీహ్‌లో కూడా సలికాలం అరిసెలొండుకుంటారు గావాల," అంది ఒకరోజు గోడతో. పిన్ని ప్రతి ఆదివారం ప్రార్థనకని బారిడీహ్ వెళ్లేది, చేతిలో సంచి ఉండేది. ఆ ఆదివారం సంచి లేకుండా వెళ్లింది. బైబిలు చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ఊరికే ఊపుకుంటూ. మామ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఆవిడకి అదీ అనుమానమే.

అప్పుడే ఇంకో సంగతి జరిగింది. బడి నుంచి వస్తూ మా వీధి చివర టీ కొట్టు దగ్గర గళ్ల తువ్వాలు, ఒంటి పోగు చూశాను. చాయిబాసాలో ఉండాల్సిన మనిషి! నన్ను చూసి గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పరిగెత్తుకెళ్లి చెప్పాను. తాత కొట్టిపారేశాడు. "ఒంటి పోగోళ్లు ఊరినిండా ఉన్నారు." మామ్మ మాత్రం నన్ను కూర్చోబెట్టి అన్నీ అడిగింది. ఒంటరిగా ఉన్నాడా, ఎటు చూస్తున్నాడు, చెప్పులెలాంటివి. అడిగి, "మనిల్లు సూసుకుంటన్నాడు. జీవాల్ని పంపించి మనల్ని మరిపించి, ఓ పూట వొచ్చి ఇల్లంతా ఊడ్చీసి పోతాడు," అంది. ఆ రోజు నుంచి పగలు కూడా వీధి తలుపు గడియ వేసే ఉండేది.

రెండు రోజులకి మామ్మే స్వయంగా చూసింది. కుళాయి దగ్గర నుంచి బిందెతో వస్తూ, పట్టాల పక్క మలుపులో వాణ్ణి చూసింది. వాడు ఒక్కడే లేడు. ఎదురుగా పిన్ని నిలబడి, చెయ్యి తిప్పుతూ ఏదో గట్టిగా చెబుతోంది. వాడు తలొంచుకుని వింటున్నాడు.

మామ్మ ఇంటికొచ్చి బిందె దింపి మంచం మీద కూర్చుంది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "ఆయన్నీ, కొడుకునీ సాయంత్రం రానీ," అంది నెమ్మదిగా. పిన్ని బడి నుంచి వచ్చినట్టే వచ్చి, చీర మార్చుకుని కత్తిపీట ముందేసుకుంది. వీధిలో వాడితో మాట్లాడినట్టు ఒక్క మాట చెప్పలేదు. నాకు పిన్నంటే ఇష్టం. అయినా ఆ మధ్యాహ్నం నేను కూడా ఆవిడ చేతులకేసే చూస్తూ కూర్చున్నాను, ఈవిడ ఎవరు అసలు అని.

సాయంత్రం దాకా ఆగే పని లేకపోయింది. ఎండ ఇంకా పెరట్లో ఉండగానే గుర్రం వచ్చింది. జీను పక్కకి వేలాడుతోంది, నోట్లో నురగ. మీద తాత లేడు.

మామ్మ లేచి నిలబడింది. నాన్న డ్యూటీలో ఉన్నాడు, చిన్నాన్న షిఫ్టులో ఉన్నాడు. పిన్ని కత్తిపీట కింద పడేసి గుర్రం దగ్గరికి వెళ్లింది. కాళ్లకి అంటిన మట్టి చూసింది.

"పొలం దారి మట్టి అత్తయ్యగారూ. మాంగో వంతెనకి అవతలే పడుంటారు. పదండి."

"నువ్వెందుకు?" అంది మామ్మ. ఆ మాటలో ఆవిడ అనుమానం మొత్తం ఉంది.

"నేను కాకపోతే ఎవరు?" అంది పిన్ని. అంటూనే చిన్నదాని తాడు విప్పింది. "పడితే నడవలేరు. గట్టు మీదకి రిక్షా రాదు. పెద్దది మనల్ని తాకనివ్వదు. ఇదొక్కటే దిక్కు."

ముగ్గురం బయల్దేరాం. పిన్ని ముందు, తాడు పట్టుకుని నేను, వెనక మామ్మ. కొంతదూరం పోయాక మామ్మకి ఆయాసం వచ్చింది. రోడ్డు పక్క రాయి మీద కూలబడి, "నన్నొగ్గీసి పొండే," అంది. పిన్ని వెనక్కొచ్చి ఆవిడ నడుం పట్టుకుని లేపి చిన్నదాని మీద కూర్చోబెట్టింది.

"పడేత్తాదే!"

"పడెయ్యదు."

"నీకెలా తెలుసు?"

"తెలీదు. గట్టిగా పట్టుకోండి."

అలా మా మామ్మ, తల మీద కొంగు లాక్కుని, రెండు కాళ్లూ ఒకే పక్కకి వేసుకుని, ఊరంతా చూస్తుండగా తల్లి గాడిదైన జంతువు మీద మాంగో వంతెన దాటింది. దారి పొడుగునా రెండు చేతులతో దాని జూలు పట్టుకునే ఉంది. అది చెవులొకసారి ముందుకి, ఒకసారి వెనక్కి తిప్పుతూ, అడుగు అడుగూ చూసుకుని వేసింది. కింద సువర్ణరేఖ నదిలో ఇసుకా, రాళ్లూ, సన్నటి నీళ్లూ.

పొలం గట్టు దారిలో, కందకం పక్కన తాత కనిపించాడు. చెట్టుకి ఆనుకుని కూర్చున్నాడు. ఆయన తల ఎవరి భుజం మీదో ఉంది. గళ్ల తువ్వాలు తాత చీలమండకి కట్టి ఉంది. భుజం ఒంటి పోగువాడిది.

మామ్మ ఎలా దిగిందో నాకు తెలీదు. దిగి, అక్కడ పడున్న తాత చేతికర్ర అందుకుంది. "నువ్వా! నాననుకుంటూనే ఉన్నాను! ముసిలోణ్ణి తోసీసి జీవాన్ని పట్టుకుపోదామని సూసేవా!" అంటూ వాడి వీపు మీద వేసింది.

వాడు కదల్లేదు. కదిలితే తాత తల జారిపోతుంది. రెండో దెబ్బ కూడా అలాగే తిన్నాడు.

"ఆడేటీ సెయ్యనేదే!" అని అరిచాడు తాత. "లారీ హారను కొట్టింది. గుర్రం బెదిరింది. పడ్డాను. ఆడెక్కణ్ణించి వచ్చేడో వచ్చి పట్టుకున్నాడు."

"ఎక్కణ్ణించి వచ్చేడో! అదే అడుగుతున్నాను నానూ!"

అప్పుడు పిన్ని మధ్యలోకి వచ్చింది. మామ్మ చేతిలో కర్ర పట్టుకుంది. "నేను చెప్తే వచ్చాడు అత్తయ్యగారూ. ఈ గుర్రం రైలు కూతకే వణుకుతోంది, మావయ్యగారిని ఎప్పుడో పడేస్తుంది, తీసుకెళ్లిపో అన్నాను. తీసుకెళ్లనన్నాడు. అయితే ఆయన పొలానికి వెళ్లినప్పుడల్లా వెనకే ఉండు అన్నాను."

"మాకెందుకు సెప్పనేదు?"

పిన్ని కర్ర వదిలేసి మామ్మకేసి చూసింది. చెబితే ఎవరు నమ్ముతారన్నది ఆవిడ మొహంలోనే ఉంది. మామ్మ కూడా దాన్ని చదువుకుంది. మళ్లీ అడగలేదు.

వ్యాపారి వీపు రుద్దుకుంటూ తన సంగతి చెప్పాడు. వాడు చాయిబాసా వెళ్లనే లేదు. ఎప్పుడో ఒక మంచి ఖచ్చర్ని ఒక సున్నపు బట్టీ అతనికి అమ్మాడట. మనిషి మర్యాదగా మాట్లాడాడట. మళ్లీ చలికాలం ఆ దారిన పోతుంటే అది కనిపించింది. వీపంతా పుండ్లు, ఒక కన్ను లేదు. "నన్ను గుర్తుపట్టింది మాజీ. నా వెనక వచ్చింది. బట్టీ వాళ్లు కొట్టి వెనక్కి లాక్కెళ్లారు." అప్పటి నుంచి అడిగినవాళ్లకి ముందు జంతువుల్ని ఇచ్చి, వెళ్తున్నానని చెప్పి, చాటుగా చూస్తాడట. "మాట చూసి నమ్మలేను. చెయ్యి చూస్తాను."

మామ్మ కర్ర దించింది. తనకంటే ఎక్కువ అనుమానం ఉన్న మనిషిని ఆవిడ జీవితంలో మొదటిసారి చూస్తోంది.

"మరి మా సేతుల్లో ఏటి సూసేవు?" అంది చివరికి.

"కొట్టరు. తిండి పెడతారు. మీరు తిడుతూ పెడతారు. బాబూజీ రోజూ పొద్దున్న పంచె కొంగులో బెల్లం దాచి తెచ్చి గుర్రానికి పెడతాడు. అది మంచిది కాదు, పళ్లు పోతాయి."

తాత కళ్లు మూసుకున్నాడు, నొప్పి ఎక్కువైనట్టు. మామ్మ తాతకేసి చూసింది. తర్వాత పిన్నికేసి తిరగబోయి, తిరగలేక, పొలంలో కాలీఫ్లవర్ల వైపు చూస్తూ ఉండిపోయింది. పిన్ని వంగి తాత కాలికి కట్టిన గుడ్డ సరిచేస్తోంది.

"గుర్రాన్ని మాత్రం మీకివ్వను," అన్నాడు వ్యాపారి.

అంతే, మామ్మకి మాటొచ్చింది. "నువ్వెవుడివి ఇవ్వనంటానికి? మా ముసిలోడు దాని మీద కూకుంటే ఎలాగుండేవోడో సూసేవా? ఇరవయ్యేళ్లు తగ్గిపోనాడు! ఈదంతా సూసింది!"

తాత కళ్లు తెరిచి ఆవిణ్ణి చూశాడు. ఆయన ఎందుకు ఎక్కాడో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అయినా ఎక్కినప్పుడు ఎలా ఉన్నాడో ఆవిడ చూసిందని అప్పుడే ఆయనకి తెలిసింది.

"వొద్దులేయే," అన్నాడు మెల్లిగా. "అది రైలుకి బెదిరేది. నాను దానికి బెదిరీవోణ్ణి. ఇద్దరం ఒకళ్లకొకళ్లం సెప్పుకోలేక తిరిగేం."

పొద్దు వాలుతోంది. ముగ్గురూ కలిసి తాతని లేపారు. మామ్మా, వ్యాపారీ చెరో పక్కా పట్టుకుంటే, పిన్ని మెడ చుట్టూ తాత చెయ్యి వేశాడు. గుర్రమైతే, పెద్ద కంచరమైతే అంత ఎత్తుకి ఆయన్ని ఎత్తగలిగేవాళ్లం కాదు. చిన్నది చిన్నది కాబట్టే ఎక్కించగలిగాం. ఎక్కిస్తున్నంతసేపూ అది కాలు కదపలేదు. వంతెన మీదకి వచ్చేసరికి వెనక నుంచి లారీ వచ్చి హారను కొట్టింది. నేను తాడు రెండు చేతులతో బిగించాను. అది ఒక చెవి మాత్రం అటు తిప్పింది. కార్ఖానా వైపు ఆకాశం అప్పుడే ఎర్రబడింది, నీళ్లలో కూడా.

చిన్నదాన్నే ఉంచుకున్నాం. తాత ఒప్పుకోవడానికి చీలమండ తగ్గేదాకా పట్టింది. "కాళ్లు నేలకి రాసుకుంటాయి, జనం నవ్వుతారు," అన్నాడు. "నవ్వితే నవ్వనీ, నేల దగ్గరుంటే పడినా దెబ్బ తగల్దు," అంది మామ్మ. దున్నడానికి పక్క పొలం ఆయన ఎడ్లు సాయం వచ్చేవి. గుర్రాన్నీ, పెద్దదాన్నీ వ్యాపారి తీసుకుపోయాడు. పెద్దది పోతూ వెనక్కి కూడా చూడలేదు. మామ్మ మెచ్చుకోలుగా తలూపింది.

బెల్లం గురించి పిన్నికి ఎవరూ ఏమీ చెప్పలేదు. కొన్నాళ్లకి మామ్మ అలమరలో సామాన్లు సర్దింది. "బెల్లం డబ్బా కింది అరలో ఎట్టాను, సేతికందుద్ది," అంది, ఎవరితో అంటున్నదీ చెప్పకుండా. పిన్ని "సరే అత్తయ్యగారూ" అంది.

ప్రతి చలికాలం వ్యాపారి వచ్చేవాడు. చిన్నదాని వీపు తడిమి, గిట్టలెత్తి, నోరు తెరిచి చూసేవాడు. "ఇంకా నమ్మకం నేదేటి?" అని మామ్మ కేకలేస్తూనే వాడికి అన్నం పెట్టేది. వాడూ అన్నం వాసన చూసే తినేవాడు. ఒక ఏడు రాలేదు. మామ్మ సంతకి వెళ్లి వచ్చినవాళ్లనల్లా అడిగింది. ఎవరికీ తెలీదు. తాత పోయాక, ఆ పొలం మీద ఇళ్లు లేచాక, చిన్నదాన్ని మాంగోలో ఒక కూరల వాళ్లకి ఇచ్చాం. ఆ తర్వాత చాలా నెలల పాటు మామ్మ "పని మీద" మాంగో వెళ్లొచ్చేది. ఏం పనని ఎవరూ అడగలేదు. ఆ కూరల వాళ్లింటి ఎదురుగా ఒక టీ కొట్టు ఉందని నాకు తెలుసు.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, బొగ్గుపొయ్యిలు లేవు, పెరట్లో కట్టేసిన జంతువుని చూసిన పిల్లలూ లేరు. మాంగో వంతెన మీద నడిచే దారి దొరకదు. నేను ఉలవచారు కాస్తే పిల్లలు వేలితో నాకి చూసి, బావుందంటారు, అంతే.

మామ్మ చివరిరోజుల్లో ఆస్పత్రిలో ఉన్నప్పుడు నాకు పెళ్లయి ఒక పిల్ల. చూడటానికి వెళ్లాను. అప్పటికీ ఆవిడ ఎవర్నీ నమ్మలేదు. నర్సు మాత్ర ఇస్తే దిండు కింద దాచేది. నాన్న మందు తాగిస్తే మూతి బిగించేది. డాక్టరు తన వేళ్లకి ఉంగరాలు ఉన్నాయో లేదో చూస్తున్నాడని చెప్పింది. అందరూ విసిగిపోయి పిన్నిని పిలిచారు. ఆవిడ జుట్టు కూడా అప్పటికి నెరిసింది. బడి నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చేతికి సుద్ద అంటి ఉంది. గ్లాసులో మందు కలిపి నోటి దగ్గర పెట్టింది.

మామ్మ గ్లాసులోకి చూసింది. పిన్ని మొహంలోకి చూసింది.

"ముందు నువ్వు తాగు," అంది.

పిన్ని ఒక గుక్క తాగింది. మామ్మ ఆ గుక్క ఆవిడ గొంతు దిగేదాకా చూసింది. తర్వాత గ్లాసు లాక్కుని, పిన్ని పెదాలు తగిలిన చోటే తన పెదాలు ఆనించి, మొత్తం తాగేసింది.